ఈమెయిల్‌కు సరిపోయేలా ఫోటో సైజు తగ్గించడం ఎలా? అసలు బొమ్మ పోగొట్టుకోకుండా ఉండాలంటే ఏం చేయాలి?

ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలోని న్యూ సెటిల్‌మెంట్‌లో దసరా రోజున రావణ దహనం జరుగుతుంది. మైదానం నిండిన జనంలో ఇప్పుడు ఫోన్ పైకెత్తని చెయ్యి అరుదు. అక్కడ తీసిన పది ఫోటోలను మర్నాడు శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో ఉన్న బంధువులకు ఈమెయిల్‌లో పంపాలని కూర్చుంటే, ఆరో ఏడో ఫోటో చేర్చేసరికి పరిమితి దాటిపోయిందన్న సందేశం తెర మీద కనిపిస్తుంది. అదే ఇంట్లో ఉద్యోగానికి దరఖాస్తు నింపుతున్న అమ్మాయిది మరో ఇబ్బంది. ఫోటో 50 కేబీ దాటకూడదని ఫారం అంటుంది. ఫోన్‌లో ఉన్న ఫోటో 4 ఎంబీ. అంటే అడిగినదానికి దాదాపు ఎనభై రెట్లు.

ఈ రెండు ఇబ్బందులకూ పరిష్కారం ఒక్కటే, ఫోటో సైజు తగ్గించడం. దీనికి డబ్బు పెట్టి ఫోటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ కొననక్కరలేదు, ఇంటర్నెట్ సెంటర్‌కు వెళ్లి ఒక్కో ఫోటోకు రుసుము చెల్లించనక్కరలేదు. కంప్యూటర్‌తో, ఫోన్‌తో పాటు వచ్చే సాధనాలే చాలు. అయితే ఒక సంగతి ముందుగా తెలుసుకోవాలి. ఫోటో సైజు తగ్గించడమంటే బట్టలు మడతపెట్టి పెట్టెలో సర్దడం వంటిది కాదు. మడత విప్పితే బట్ట మళ్లీ పూర్తిగా వస్తుంది. ఫోటో విషయంలో మాత్రం కొంత సమాచారాన్ని నిజంగానే పారేస్తారు. పారేసినది తిరిగి రాదు. అందుచేత తగ్గించేది ఎప్పుడూ నకలునే కావాలి, అసలును కాదు.

ఖరగ్‌పూర్ తెలుగు కుటుంబాలకు ఈ జాగ్రత్త మరింత అవసరం. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలంలో, తూర్పు తీరం వెంబడి రైలు మార్గం పడ్డాక, ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి వర్క్‌షాపు పనికి, లైను పనికి వచ్చి స్థిరపడిన కుటుంబాల వారసులు అక్కడ పెద్ద సంఖ్యలో ఉన్నారు. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా కల్పించేందుకు ఆమోదం తెలిపినప్పుడు ప్రధానంగా వినిపించిన ఊరి పేరు కూడా ఖరగ్‌పూరే. అయితే రైల్వే క్వార్టర్ సొంత ఇల్లు కాదు. పదవీ విరమణ తరువాత ఖాళీ చేయవలసిందే. ఇల్లు మారిన ప్రతిసారీ ఆల్బమ్‌లు తడుస్తాయి, పోతాయి, అన్నదమ్ముల మధ్య విడిపోతాయి. ఫోన్‌తో తీసి ఈమెయిల్ చేసిన నకలే చివరికి మిగిలే సందర్భాలు ఉంటాయి. ఆ నకలు చేతి గోరంత చిన్నదైతే తాతగారి ముఖం పోల్చుకోవడం కష్టం.

ఫోటో ఎందుకంత బరువు?

డిజిటల్ ఫోటో అంటే అడ్డంగా, నిలువుగా పేర్చిన చుక్కలు. ఒక్కో చుక్కను పిక్సెల్ అంటారు. 12 మెగాపిక్సెల్ కెమెరా తీసే ఫోటోలో వెడల్పున 4000, ఎత్తున 3000 చుక్కలు ఉంటాయి. గుణిస్తే కోటీ ఇరవై లక్షలు. ప్రతి చుక్కకూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఎంతెంత ఉన్నాయో చెప్పడానికి మూడు బైట్లు కావాలి. ఆ లెక్కన ఒక్క ఫోటోకు 3 కోట్ల 60 లక్షల బైట్లు, అంటే సుమారు 36 ఎంబీ అవసరం. కానీ ఫోన్‌లో చూస్తే అదే ఫోటో మూడు నుంచి ఐదు ఎంబీలే ఉంటుంది. అంటే మనం తగ్గించడం మొదలుపెట్టక ముందే ఫోన్ దాన్ని దాదాపు పదో వంతుకు కుదించింది. ఆ కుదింపు విధానం పేరు జేపెగ్.

జేపెగ్ అనేది 1986లో ఏర్పడిన ఒక అంతర్జాతీయ నిపుణుల బృందం పేరుకు సంక్షిప్త రూపం. ఆ బృందం రూపొందించిన ప్రమాణానికి 1992లో ఆమోదం లభించింది. దాని గుండెకాయలాంటి గణితం మాత్రం అంతకు పద్దెనిమిదేళ్ల ముందుది. బెంగళూరులో పుట్టి, అమెరికాలోని కాన్సస్ స్టేట్ యూనివర్సిటీలో పనిచేస్తున్న నాసిర్ అహ్మద్ 1972లో ఈ ఆలోచనతో అక్కడి నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌ను నిధులు కోరారు. నిధులు రాలేదు. ఆలోచన మరీ సులువుగా ఉందని ఒక పరిశీలకుడు అభిప్రాయపడినట్లు ఆయనే తరువాత రాశారు. అయినా ఆయన తన విద్యార్థి టి.నటరాజన్‌తో, టెక్సస్ యూనివర్సిటీ ఆర్లింగ్టన్‌లో ఆచార్యుడైన మిత్రుడు కె.ఆర్.రావుతో కలిసి పని కొనసాగించారు. ముగ్గురి పేర్లతో 1974 జనవరిలో వెలువడిన ఆ పరిశోధన పత్రం నాలుగు పుటలకు మించదు. డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫార్మ్ అనే ఆ పద్ధతి లేకపోతే నేటి ఫోటోలు, వీడియోలు ఈ రూపంలో ఉండేవి కావు. కె.ఆర్.రావు పూర్తి పేరు కామిశెట్టి రామమోహన్ రావు. మద్రాసులోని గిండీ ఇంజనీరింగ్ కళాశాలలో చదివిన ఆయన 2021లో కన్నుమూశారు. ఆ ఇంటిపేరు తెలుగు చెవికి కొత్తది కాదు.

ఆ పద్ధతి ఏం చేస్తుందో గణితం లేకుండా చెప్పుకోవాలంటే ముంగిట్లో ముగ్గును తలచుకోవచ్చు. జేపెగ్ ఫోటో మొత్తాన్ని ఎనిమిది వరసల్లో ఎనిమిదేసి చుక్కలుండే చిన్న గళ్లుగా విడదీస్తుంది. ఒక్కో గడిలో 64 చుక్కలు. ఆ 64 చుక్కల రంగులను విడివిడిగా రాసుకునే బదులు, గడి మొత్తం సగటున ఎంత వెలుతురుగా ఉంది, ఆ వెలుతురు ఒక పక్క నుంచి మరో పక్కకు మెల్లగా మారుతోందా, గబగబా మారుతోందా అన్న లెక్కగా మార్చి రాసుకుంటుంది. మెల్లగా వచ్చే మార్పులను మన కన్ను బాగా పట్టుకుంటుంది. అతి సన్నని, గబగబా వచ్చే మార్పులను అంతగా పట్టించుకోదు. అందువల్ల ఆ సన్నని వివరాల లెక్కను ముతకగా రాసినా, కొన్నిటిని పూర్తిగా వదిలేసినా చూసేవారికి తేడా తెలియదు. వెలుతురులో తేడాను పసిగట్టినంత బాగా కన్ను రంగులో తేడాను పసిగట్టలేదు కాబట్టి రంగు వివరాలను మరింత పొదుపుగా రాస్తుంది. ఎంత ముతకగా రాయాలన్నది మన చేతిలో ఉంటుంది. దాన్నే సాఫ్ట్‌వేర్లలో క్వాలిటీ అంటారు. మరీ తగ్గిస్తే ఆ గళ్లు బయటపడి ముఖం మీద చదరాలు చదరాలుగా కనిపిస్తాయి.

ఒకే ఫోన్‌తో, ఒకే రోజు తీసిన రెండు ఫోటోల సైజుల్లో ఎందుకంత తేడా ఉంటుందో దీనివల్ల అర్థమవుతుంది. సున్నం వేసిన క్వార్టర్ గోడ ముందు నిలబడిన మనిషి ఫోటోలో గోడ భాగమంతా ఒకే తీరుగా ఉంటుంది. ఆ గళ్లకు చెప్పవలసినది పెద్దగా ఉండదు. అదే మనిషి మామిడిచెట్టు కింద నిలబడితే ఒక్కో ఆకూ, ఆకుల మధ్య నుంచి పడే ఎండా విడిగా రాసుకోవలసిన వివరాలే. చుక్కల సంఖ్య సమానమైనా ఆ ఫోటో ఎక్కువ చోటు తీసుకుంటుంది.

ఈమెయిల్ ఎక్కడ అడ్డుపడుతుంది?

జేపెగ్ ఆమోదం పొందిన 1992లోనే ఈమెయిల్‌కు ఫైళ్లు జతచేసే పద్ధతి కూడా రూపుదిద్దుకుంది. ఆ ఏడాది మార్చి 11న నథానియల్ బోరెన్‌స్టీన్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త ఆ పద్ధతిలో తొలి అటాచ్‌మెంట్ పంపారు. అందులో ఉన్నది తన పాటల బృందం ఫోటో, వారు పాడిన పాట. ఈమెయిల్ అసలు అక్షరాల కోసం పుట్టినది. బొమ్మలను మోయడం దానికి తెలియదు. కాబట్టి బొమ్మలోని ప్రతి మూడు బైట్లనూ నాలుగు అక్షరాలుగా మార్చి పంపుతారు. ఆ ఏర్పాటు ఈనాటికీ కొనసాగుతోంది. అందువల్ల 18 ఎంబీల ఫోటోలు దారిలో సుమారు 24 ఎంబీలు అవుతాయి.

జీమెయిల్‌లో జతచేసే ఫైళ్లకు పరిమితి 25 ఎంబీ. అది దాటితే జీమెయిల్ వాటిని గూగుల్ డ్రైవ్‌లో ఉంచి, లింకు మాత్రమే పంపుతుంది. పంపేవారి వైపు అంతా సవ్యంగానే ఉన్నా, అందుకునేవారి సర్వర్ పరిమితి అంతకంటే తక్కువైతే మెయిల్ వెనక్కి రావచ్చు. కార్యాలయాల మెయిల్ చిరునామాలకు పంపేటప్పుడు ఇది తరచు ఎదురయ్యే సంగతి. మొత్తం జతలు పది ఎంబీ లోపు ఉండేలా చూసుకుంటే చాలావరకు చిక్కు ఉండదు.

ఇక్కడ చాలామంది చేసే ఒక వృథా ప్రయత్నం ఉంది. ఫోటోలను జిప్ ఫైలుగా మార్చితే తేలికవుతాయని అనుకుంటారు. పది ఫోటోలు ఒకే మూటగా మారతాయే తప్ప బరువు దాదాపు తగ్గదు. జేపెగ్ ఇప్పటికే పిండిన చెరకు పిప్పి లాంటిది. మళ్లీ గానుగలో పెడితే రసం రాదు.

కంప్యూటర్‌లో: పెయింట్ చాలు

ఫోటోను తగ్గించడానికి ప్రధానంగా మూడు దారులు ఉన్నాయి. అనవసరమైన అంచులను కత్తిరించడం ఒకటి, చుక్కల సంఖ్య తగ్గించడం ఒకటి, క్వాలిటీ తగ్గించడం ఒకటి. ఈ వరసలోనే వెళ్లడం మంచిది. పక్కన ఉన్న కరెంటు స్తంభాన్ని, సగం పడిన స్కూటర్‌ను కత్తిరించేస్తే ముఖాలకు హాని లేకుండానే ఫోటో తేలికవుతుంది. నేరుగా క్వాలిటీ తగ్గిస్తే స్తంభంతో పాటు ముఖాలూ చెడతాయి.

విండోస్ కంప్యూటర్లలో 1985 నాటి తొలి విండోస్ నుంచీ పెయింట్ ఉంది. పిల్లలు గీతలు గీసుకునే సాధనంగానే దాన్ని చాలామంది చూస్తారు కానీ, ఈ పనికి అది బాగా సరిపోతుంది. ముందు ఫోటోకు ఒక నకలు తీసుకోవాలి. ఆ నకలు మీద మౌస్ కుడి బటన్ నొక్కి, ఓపెన్ విత్‌లో పెయింట్ ఎంచుకోవాలి. అంచులు కత్తిరించాలంటే సెలెక్ట్ సాధనంతో కావలసిన భాగం చుట్టూ గీసి క్రాప్ నొక్కాలి. తరువాత రీసైజ్ నొక్కితే చిన్న పెట్టె తెరుచుకుంటుంది. అందులో శాతాల్లో గానీ పిక్సెల్స్‌లో గానీ కొలత ఇవ్వవచ్చు. వెడల్పు, ఎత్తుల నిష్పత్తిని కాపాడే మెయింటెయిన్ ఆస్పెక్ట్ రేషియో గుర్తు పెట్టి ఉండాలి. ఆ గుర్తు తీసేస్తే మనిషి సాగిపోవడమో నొక్కుకుపోవడమో జరుగుతుంది.

శాతం విషయంలో ఒక తికమక ఉంది. 50 అని ఇస్తే ఫోటో సగం అవుతుందనుకోవడం సహజం. వెడల్పూ సగమై, ఎత్తూ సగమవుతుంది కాబట్టి మిగిలేది సగం కాదు, నాలుగో వంతు చుక్కలు. 25 ఇస్తే పదహారో వంతే మిగులుతుంది. 4000, 3000 చుక్కల ఫోటో అప్పుడు 1000, 750 అవుతుంది. కంప్యూటర్ తెర మీదో ఫోన్‌లోనో చూసుకోవడానికి ఇది సరిపోతుంది. సైజు సాధారణంగా కొన్ని వందల కేబీలకు దిగుతుంది. అలాంటివి ఇరవై ఫోటోలైనా ఒకే మెయిల్‌లో వెళతాయి.

చివరగా ఫైల్ మెనూలో సేవ్ యాజ్ నొక్కి, జేపెగ్ ఎంచుకుని, కొత్త పేరు ఇవ్వాలి. సేవ్ అని మాత్రమే నొక్కితే పెద్ద ఫోటో స్థానంలో చిన్నది వచ్చి కూర్చుంటుంది. నకలు తీసుకోవడం మరచి అసలునే తెరిచి ఉంటే ఇక అంతే. సేవ్ యాజ్‌కు, సేవ్‌కు మధ్య ఉన్న ఈ తేడాయే ఈ పని మొత్తంలో అతి ప్రమాదకరమైన చోటు.

పెయింట్‌లో క్వాలిటీని మార్చే వీలు లేదు. విండోస్ 11తో వచ్చే ఫోటోస్ అనే సాధనంలో ఉంది. ఫోటో తెరిచి, మూడు చుక్కల మెనూలో రీసైజ్ ఇమేజ్ నొక్కితే కొలతతో పాటు క్వాలిటీని కూడా జరుపుకోవచ్చు. కంప్యూటర్‌లో మెయిల్ ప్రోగ్రామ్‌ను అమర్చుకున్నవారికి ఇంకా తేలికైన దారి ఒకటి ఉంది. ఎన్ని ఫోటోలనైనా ఒకేసారి ఎంచుకుని, కుడి బటన్ నొక్కి, సెండ్ టు మెనూలో మెయిల్ రిసిపియెంట్‌ను ఎంచుకుంటే ఏ సైజులో పంపాలని విండోసే అడుగుతుంది. మీడియం అంటే 1024, 768 చుక్కలకు కుదించి జతచేస్తుంది. అసలు ఫోటోల జోలికి పోదు. బ్రౌజర్‌లో జీమెయిల్ చూసుకునేవారికి మాత్రం ఈ దారి పనికిరాదు. ఆపిల్ మాక్ కంప్యూటర్లలో ప్రివ్యూ అనే సాధనంలో టూల్స్ కింద అడ్జస్ట్ సైజ్ ఇదే పని చేస్తుంది.

ఫోన్‌లో అయితే?

ఐఫోన్‌లోని మెయిల్ యాప్ నుంచి ఫోటోలు పంపితే స్మాల్, మీడియం, లార్జ్, యాక్చువల్ సైజ్ అని నాలుగు ఎంపికలు చూపిస్తుంది. ఒక్కో ఎంపికకు మెయిల్ ఎంత బరువవుతుందో కూడా చెబుతుంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో ఒక్కో కంపెనీది ఒక్కో తీరు. శామ్‌సంగ్ గ్యాలరీలో ఫోటోను ఎడిట్‌లో తెరిచి, మూడు చుక్కలు నొక్కితే రీసైజ్ కనిపిస్తుంది. అలాంటి ఏర్పాటు లేని ఫోన్‌లో కనీసం క్రాప్ ఉంటుంది.

చాలా ఇళ్లలో జరిగేది ఇంకొకటి. ఫోటోను వాట్సాప్‌లో పంపి, అవతల అందిన చిన్న ఫోటోను మెయిల్‌కు జతచేస్తారు. పద్ధతి తప్పేమీ కాదు. మామూలుగా పంపిన ఫోటోను వాట్సాప్ తానే కుదిస్తుంది. 2023 ఆగస్టులో హెచ్‌డీ ఎంపిక వచ్చాక కాస్త పెద్దగా పంపే వీలు కలిగింది. డాక్యుమెంట్‌గా పంపితే మాత్రం అసలు ఫైలే చెక్కుచెదరకుండా వెళుతుంది. పండుగ ఫోటోలకు మామూలు దారి, దాచుకోవలసిన ఫోటోలకు డాక్యుమెంట్ దారి అని గుర్తు పెట్టుకుంటే చాలు.

ఐఫోన్ వాడేవారికి మరో చిక్కు ఎదురవుతుంది. 2017లో వచ్చిన ఐఓఎస్ 11 నుంచి ఐఫోన్లు హైక్ అనే కొత్త రూపంలో ఫోటోలు దాచుకుంటున్నాయి. అది జేపెగ్ కంటే తక్కువ చోటు తీసుకుంటుంది కానీ అనేక దరఖాస్తు ఫారాలు దాన్ని అంగీకరించవు. ఫైలు పేరు చివర జేపీజీ అని మార్చి రాసినంత మాత్రాన లోపలి రూపం మారదు. సెట్టింగ్స్‌లో కెమెరా, ఆ కింద ఫార్మాట్స్‌కు వెళ్లి మోస్ట్ కంపాటిబుల్ ఎంచుకుంటే అప్పటి నుంచి తీసే ఫోటోలు జేపెగ్‌లోనే వస్తాయి.

దరఖాస్తు ఫారాలది వేరే లెక్క

ఖరగ్‌పూర్ వంటి రైల్వే ఊళ్లో ఉద్యోగ ప్రకటన వస్తే ఇంటింటా దరఖాస్తులే. రైల్వే నియామక ప్రకటనల్లో ఫోటో కొలతలు మారుతుంటాయి కాబట్టి ప్రతిసారీ ఆ ప్రకటన చదివి తీరాలి. ఒక అన్న నింపిన పాత ఫారం చూసి తమ్ముడు నింపడం కుదరదు. ఉదాహరణకు బ్యాంకు ఉద్యోగాల పరీక్షలు నిర్వహించే ఐబీపీఎస్ నిబంధనలు చూద్దాం. ఫోటో 200 పిక్సెల్స్ వెడల్పు, 230 పిక్సెల్స్ ఎత్తు, 20 నుంచి 50 కేబీ. సంతకం 140 వెడల్పు, 60 ఎత్తు, 10 నుంచి 20 కేబీ.

స్టూడియోలో తీయించుకునే పాస్‌పోర్ట్ ఫోటో మూడున్నర సెంటీమీటర్ల వెడల్పు, నాలుగున్నర సెంటీమీటర్ల ఎత్తు ఉంటుంది. 200, 230 నిష్పత్తి అది కాదు. మూడున్నర వెడల్పుకు ఎత్తు సుమారు నాలుగు సెంటీమీటర్లే రావాలి. కాబట్టి పైనుంచో కిందనుంచో అర సెంటీమీటరు మేర ముందు కత్తిరించాలి. ఆ తరువాతే వెడల్పును 200కు తగ్గించాలి. ఆ ఓపిక లేక నిష్పత్తి గుర్తు తీసేసి 200, 230 అని కొట్టేస్తే కొలతలు సరిపోతాయి, ఫారం ఒప్పుకుంటుంది. కానీ ముఖం పైనుంచి నొక్కినట్లు వెడల్పవుతుంది. పరీక్ష కేంద్రంలో హాల్ టికెట్ మీద ముఖాన్ని, ఎదుట ఉన్న ముఖాన్ని పోల్చి చూసేవారి ముందు నిలబడవలసింది అభ్యర్థే.

సంతకాన్ని తెల్ల కాగితం మీద నల్ల సిరాతో చేసి, పగటి వెలుతురులో, కాగితం మీద చేతి నీడ పడకుండా ఫోటో తీయాలి. సంతకం చుట్టూ దగ్గరగా కత్తిరించాకే తగ్గించాలి. కాగితం మొత్తాన్ని 140 పిక్సెల్స్‌కు కుదిస్తే సంతకం చీమలా మిగులుతుంది.

కనీస పరిమితి ఉందన్న సంగతిని కూడా చాలామంది గమనించరు. 20 కేబీ కంటే తక్కువైనా ఫారం తిరస్కరిస్తుంది. అప్పటికే చిన్నదైన ఫోటోను మళ్లీ పెద్ద కొలతకు సాగదీస్తే కేబీలు పెరుగుతాయి కానీ వివరం పెరగదు. ఉన్న చుక్కల మధ్య కంప్యూటర్ ఊహించి నింపుతుందంతే. అసలు ఫోటో దగ్గరకు తిరిగి వెళ్లి, ఈసారి క్వాలిటీ కాస్త ఎక్కువ ఉంచి తగ్గించడమే సరైన దారి. అసలును దాచుకున్నవారికే ఆ అవకాశం ఉంటుంది.

కాగితాలను ఫోటో తీసి పంపేటప్పుడు కొలత మారుతుంది. పెన్షన్ ఉత్తర్వు, బ్యాంకు పాస్‌బుక్, కుల ధ్రువీకరణ పత్రం వంటివి చదవగలిగేలా ఉండాలి. ఏ4 కాగితానికి అంగుళానికి 150 చుక్కల లెక్కన 1240 వెడల్పు, 1754 ఎత్తు వస్తుంది. అంతకంటే తగ్గిస్తే చిన్న అచ్చు చెదురుతుంది. జేపెగ్ గళ్ల లెక్క నునుపైన చర్మానికి, ఆకాశానికి బాగా నప్పుతుంది కానీ, తెలుపు మీద నలుపుగా ఉండే అక్షరాల అంచుల దగ్గర తడబడుతుంది. అక్షరాల చుట్టూ మసి పూసినట్లు కనిపించేది అందుకే. పంపే ముందు నూరు శాతం సైజులో తెరిచి, పెన్షన్ ఉత్తర్వు మీది అంకెలను ఒక్కొక్కటిగా చదివి చూడాలి. 3, 8 ఒకేలా కనిపిస్తే మళ్లీ తీయడం మంచిది.

ఉచిత వెబ్‌సైట్ల సంగతి

ఫోటోను ఎక్కించండి, కేబీ చెప్పండి, క్షణంలో తగ్గించి ఇస్తామనే వెబ్‌సైట్లు ఎన్నో ఉన్నాయి. పని జరుగుతుంది కూడా. కానీ ఫోటో ఎవరి కంప్యూటర్‌కు వెళుతోంది, అక్కడ ఎంతకాలం ఉంటుంది అన్నది ఎక్కించినవారికి తెలియదు. ఫైళ్లు మార్చి ఇస్తామనే ఉచిత వెబ్‌సైట్లలో కొన్ని వైరస్‌లు అంటించడానికి, వ్యక్తిగత వివరాలు దొంగిలించడానికి ఉపయోగపడుతున్నాయని 2025 మార్చిలో అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ డెన్వర్ కార్యాలయం హెచ్చరించింది. దసరా ఫోటో అయితే పోయేదేమీ లేదని ఎవరైనా అనుకోవచ్చు. ఆధార్ కార్డు, సంతకం, పెన్షన్ పత్రం మాత్రం అలాంటి చోట ఎక్కించకపోవడమే మేలు. పెయింట్‌లో చేసే పని ఇంటి కంప్యూటర్ గడప దాటదు.

ఫోటోలో కనిపించని సమాచారం కూడా కొంత ఉంటుంది. తీసిన తేదీ, ఫోన్ రకం, లొకేషన్ ఆన్‌లో ఉంటే తీసిన చోటు అందులో నమోదవుతాయి. పరిచయం లేనివారికి పంపేటప్పుడు ఇంటి ఆచూకీ వెళ్లకూడదనుకుంటే విండోస్‌లో ఫైలు ప్రాపర్టీస్ తెరిచి, డీటెయిల్స్ కింద ఉన్న రిమూవ్ ప్రాపర్టీస్ అనే వరుసను నొక్కాలి. కుటుంబ ఆల్బమ్‌కు మాత్రం తేదీ, చోటు విలువైన వివరాలే. అసలు ఫోటోలో వాటిని ఉండనివ్వాలి.

పాత ఫోటోలను నకలు తీసేటప్పుడు

రైల్వే వర్క్‌షాపులో విరమణ రోజున పూలదండతో దిగిన ఫోటో, ఇన్‌స్టిట్యూట్ నాటకంలో వేషంతో దిగిన ఫోటో, క్వార్టర్ ముందు తొలి సైకిల్‌తో దిగిన ఫోటో వంటివి ఇంటికి ఒకటో రెండో మిగిలి ఉంటాయి. వీటికి నెగెటివ్‌లు దొరకవు. నాలుగు అంగుళాలు, ఆరు అంగుళాల అచ్చు ఫోటోను మళ్లీ అదే సైజులో చక్కగా ముద్రించుకోవాలంటే 1200, 1800 చుక్కలు కావాలి. ఫోన్ కెమెరా అంతకంటే ఎక్కువే ఇస్తుంది. ఈమెయిల్ కోసం దాన్ని 640కి తగ్గించి, ఫోన్‌లో చోటు చాలడం లేదని పెద్దదాన్ని చెరిపేయడం దగ్గరే నష్టం జరుగుతుంది. గూగుల్ ఫోటోస్‌లో పరిమితి లేకుండా ఉచితంగా దాచుకునే వీలు 2021 జూన్ 1తో ముగిసింది కాబట్టి, చోటు కోసం చెరిపేసే ఒత్తిడి ఇప్పుడు మునుపటి కంటే ఎక్కువ. పదిహేను జీబీ ఉచిత చోటును మెయిళ్లు, డ్రైవ్, ఫోటోలు పంచుకోవాలి. అలాంటప్పుడు పండుగ వీడియోలను తీసేసి, పాత ఫోటోల నకళ్లను ఉంచుకోవడం తెలివైన పని. ఒక పెన్ డ్రైవ్‌లో, మరో ఊళ్లో ఉన్న బంధువు కంప్యూటర్‌లో ఒక్కో ప్రతి ఉంచితే ఇంకా నయం.

అదే ఫోటోను తగ్గించి దాచి, మళ్లీ తెరిచి, మళ్లీ తగ్గించి దాచితే ప్రతిసారీ గళ్ల లెక్క కొత్తగా జరిగి మరికొంత వివరం పోతుంది. ఊరికే తెరిచి చూస్తే ఏమీ కాదు, మార్చి సేవ్ చేసినప్పుడే నష్టం. అందువల్ల ఏ అవసరానికైనా అసలు నుంచే కొత్త నకలు తీయాలి. నకలుకు నకలు తీయకూడదు. అసలు అని ఒక ఫోల్డర్, మెయిల్ అని మరో ఫోల్డర్ పెట్టుకుంటే ఏది ఏదో తరువాత వెతుక్కోనక్కరలేదు.

పాత ఫోటోల వెనుక వైపున ఎవరెవరు ఉన్నారో, ఏ ఏడాదో, పెన్సిల్‌తో రాసి ఉంచడం పూర్వం అలవాటు. వెనుక వైపును కూడా ఫోటో తీయాలి. మసకబారిన పెన్సిల్ గీతలు జేపెగ్ ముందుగా వదిలేసే సన్నని వివరాల్లోకే వస్తాయి. ముందు వైపు ఫోటోను 1000 చుక్కలకు తగ్గించి పంపినా ఫరవాలేదు, వెనుక వైపును తగ్గించకుండా పంపడం మంచిది. దానికి ఒక మెయిల్ సరిపోకపోతే రెండు మెయిళ్లు పంపాలి.